బొమ్మ పక్కన రాసే నాలుగు లైన్ల కింద తేదీ వేయండి: మ్యూజియం వాళ్ళకి ఒక బహిరంగ లేఖ

యూరప్‌లో, అమెరికాలో పెద్ద పెద్ద మ్యూజియంలలో పెయింటింగ్స్ పక్కన లేబుల్స్ రాసే క్యురేటర్లకీ, వాటిని ఓకే చేసే డైరెక్టర్లకీ,

నమస్కారమండీ.

నేను ఆర్ట్ హిస్టరీ చదువుకోలేదు. న్యూజెర్సీలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పన్నెండేళ్ళుగా వీలు దొరికినప్పుడల్లా ట్రైన్ ఎక్కి న్యూయార్క్ వెళ్ళి మ్యూజియంలు తిరుగుతాను, ఆఫీసు పని మీద లండన్ వెళ్ళినా సాయంత్రం ఖాళీ దొరికితే నా కాళ్ళు అటే పోతాయి. బొమ్మ ఫోటో తీసుకోను, అది నెట్‌లో ఎలాగూ దొరుకుతుంది, పక్కన మీరు రాసిన లేబుల్ ఫోటో తీసుకుంటాను, ఇంటికొచ్చాక తీరిగ్గా చదువుకోవచ్చని. ఆ అలవాటు వల్లే ఈ ఉత్తరం రాయాల్సొచ్చింది. తెలుగులో ఎందుకంటే, ఇదంతా మా అమ్మ తెలుగులో అడిగిన ఒక ప్రశ్నతో మొదలైంది, పైగా పిల్లల్ని వెంటేసుకుని మీ గ్యాలరీలకి వచ్చే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళు కూడా చదివి మిమ్మల్ని ఇదే అడగాలని నా కోరిక.

పోయిన వేసవిలో అమ్మ వచ్చింది. మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు, తాతయ్యకి చెరుకు తోట ఉండేది, సీజన్‌లో గానుగ దగ్గర పెనంలో పాకం ఉడుకుతున్న వాసనతోనే మాకు తెల్లారేది. అమ్మని న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియంకి (మెట్ అంటారు) తీసుకెళ్ళా. అమ్మకి ఇంగ్లీషు రాదు కాబట్టి లేబుల్ జోలికి పోదు, నేరుగా బొమ్మనే చూస్తుంది, అలా చూస్తూ చూస్తూ అమెరికన్ చిత్రకారుడు విన్స్‌లో హోమర్ వేసిన 'ది గల్ఫ్ స్ట్రీమ్' (అమెరికా తూర్పు తీరం పక్కన అట్లాంటిక్‌లో పారే సముద్ర ప్రవాహం పేరది) ముందు ఆగిపోయింది. మీకు తెలిసిందే, తెరచాప కొయ్య విరిగిపోయిన చిన్న పడవ, డెక్ మీద మోచేయి ఆనించి పడుకున్న ఒక నల్లజాతి మనిషి, ఒంటి మీద చొక్కా లేదు, చుట్టూ సొరచేపలు, కుడి పక్కన దూరంగా సముద్రంలోంచి ఆకాశానికి లేచిన నీటి సుడి, ఎడమ పక్కన ఎక్కడో మసక మసగ్గా ఒక ఓడ. అమ్మ చాలాసేపు చూసి "ఆ పడవలో చెరుకు గెడలెందుకున్నాయే?" అంది.

నాకు అర్థం కాలేదు. దగ్గరికి వెళ్ళి చూశా. నిజమే, డెక్ మీద ఆ మనిషి కాళ్ళ పక్కన అడ్డదిడ్డంగా పడున్నవి చెరుకు గెడలు. ఆ బొమ్మని నేను అంతకుముందు కనీసం ఐదుసార్లు చూసుంటాను, సొరచేపల్ని చూశా, వాటి చుట్టూ నీళ్ళలో ఎర్రగా కనిపించే గీతల్ని చూశా, పడవ వెనక రాసున్న ఊరి పేరు కీ వెస్ట్ కూడా చదివా, చెరుకు మాత్రం కంట పడలేదు, తాళ్ళో కర్రలో అనుకుని వదిలేశా. చెరుకు తోటలో పెరిగిన దాన్ని నేను, నాకు కనపడలేదు. అమ్మకి మొదటి నిమిషంలోనే కనపడింది.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఆ బొమ్మ గురించి దొరికిందల్లా చదివా. హోమర్ అది 1899లో వేశాడు, మెట్ వాళ్ళు 1906లో కొన్నారు. అప్పట్లో చూసినవాళ్ళందరికీ ఒకటే బెంగ, ఈ మనిషి బతుకుతాడా లేదా అని. ఆ ప్రశ్నలు బొమ్మలమ్మే డీలర్ ద్వారా హోమర్ దాకా వెళ్తే ఆయనకి చిరాకొచ్చి 1902లో ఒక జవాబు రాశాడు, వివరణ అవసరమైన బొమ్మ వేసినందుకు విచారిస్తున్నానని, నేను గల్ఫ్ స్ట్రీమ్ పదిసార్లు దాటాను దాని గురించి నాకు కాస్త తెలుసని, పడవా సొరచేపలూ పెద్ద విషయాలు కావని, అడుగుతున్న ఆడవాళ్ళకి ఆ మనిషిని ఎవరో కాపాడతారు ఇంటికి చేరి సుఖంగా ఉంటాడని చెప్పేయమని. మరి పడవా సొరచేపలూ ముఖ్యం కాకపోతే ముఖ్యమైనదేంటో మాత్రం చెప్పలేదు. తర్వాత చాలా ఏళ్ళపాటు దీన్ని మనిషికీ ప్రకృతికీ మధ్య పోరాటం అన్నారు, 1898లో హోమర్ తండ్రి పోయాడు కాబట్టి చావు గురించిన ఆయన సొంత భయమే ఇదన్నారు. అంటే పడవలో ఉన్న మనిషి హోమర్‌కి బదులు కూర్చున్నవాడన్నమాట, అతను నల్లవాడు అన్న సంగతి ఆ చదువులో ఒక రంగు వివరంగా మిగిలిపోయింది. 1936కి వచ్చేసరికి అలైన్ లాక్ అనే నల్లజాతి తత్వవేత్త వేరేగా చూశాడు, నల్లవాళ్ళని పత్తి చేలల్లో, వెనక వరండాల్లో చూపించే పాత పద్ధతిని ఈ బొమ్మ బద్దలు కొట్టిందన్నాడు. ఇంకా తర్వాత, మరీ ముఖ్యంగా ఈ ఇరవై పాతికేళ్ళలో, పీటర్ వుడ్ లాంటి చరిత్రకారులు ఆ చెరుకు గెడల మీద చూపు పెట్టారు, ఆఫ్రికా నుంచి మనుషుల్ని పట్టి తెచ్చి కరీబియన్ దీవుల్లో చెరుకు పండించిన ఆ వ్యాపారమంతా ఈ నీళ్ళ మీదే నడిచింది కదా అని. 2022లో మెట్ వాళ్ళు హోమర్ మీద పెద్ద ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు ఈ బొమ్మనే మధ్యలో నిలబెట్టారు.

మా అమ్మకి ఇదంతా తెలుగులో చెప్తే ఒక్క క్షణం ఆగి "మనవాళ్ళు కూడా వెళ్ళారు కదే చెరుకు తోటలకి" అంది. అవును, బ్రిటిష్ వాళ్ళ కాలనీల్లో 1834లో బానిసత్వం రద్దయ్యాక ఆ తోటల్లో పనికి మనుషులు కావాలంటే మన దేశం నుంచి కూలీల్ని ఓడలెక్కించారు, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి కూడా మారిషస్‌కి, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి, ఫిజీకి వెళ్ళారు, మారిషస్‌లో ఇప్పటికీ తెలుగువాళ్ళు ఉన్నారు. హోమర్‌కి ఈ సంగతి తెలుసో లేదో, ఆయన బొమ్మలో మనవాళ్ళు లేరు, ఉన్నారని నేను అనను. కానీ చెరుకు గెడ చూడగానే ఎవరికి ఏం గుర్తొస్తుందనేది మనిషిని బట్టి, కాలాన్ని బట్టి మారుతుందని నాకు ఆ రోజు కళ్ళారా తెలిసింది.

ఇప్పుడు నా బాధ ఏంటో చెప్తాను. నేను తరచూ వెళ్ళే ఒక మ్యూజియం ఉంది, పేరు చెప్పను, ఎవర్నీ రచ్చకీడ్చడం నా ఉద్దేశం కాదు. అక్కడ ఒక బొమ్మ పక్కన లేబుల్‌ని ఏడేళ్ళ కిందట ఫోటో తీశా. ఈ ఏడు వెళ్తే అదే బొమ్మ, అదే గోడ, లేబుల్ మాత్రం పూర్తిగా వేరు, దాదాపు ఉల్టా. అప్పుడు బొమ్మలో ఉన్న ఇంటి యజమాని గొప్పతనం గురించి రాసుంది, ఇప్పుడు ఆయన డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసుంది. కొత్తది నాకు నచ్చింది, నిజం కూడా అయ్యుండొచ్చు. కానీ ఎక్కడా ఇది ఎప్పుడు మారింది, ఎందుకు మారింది, ముందు ఏమనుకునేవాళ్ళం అన్న మాటే లేదు. ఇన్ఫర్మేషన్ డెస్క్ దగ్గర అడిగితే పాత లేబుల్స్ బయటివాళ్ళకి చూపించడం కుదరదన్నారు, రెండు మెయిల్స్ పెట్టా, జవాబు రాలేదు. నా ఫోన్లో ఆ పాత ఫోటో లేకపోతే నేనే ఏదో తప్పుగా గుర్తు పెట్టుకున్నా అనుకునేదాన్ని.

మారడం తప్పని నేను అనట్లేదు, దయచేసి అలా అనుకోకండి. మారకపోతేనే భయం. ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ వేసిన బానిసల ఓడ బొమ్మ సంగతే చూడండి, 1840 నాటిది, ఇప్పుడు బోస్టన్ మ్యూజియంలో ఉంది. చచ్చిపోయినవాళ్ళని, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళని సముద్రంలోకి విసిరేస్తున్న ఓడ అది, టర్నర్ పెట్టిన పూర్తి టైటిల్‌లోనే ఆ మాట ఉంది, నీళ్ళలో సంకెళ్ళు తగిలించిన కాలు ముందే కనిపిస్తూ ఉంటుంది. 1781లో జాంగ్ అనే ఓడ వాళ్ళు నూట ముప్పై మందికి పైగా మనుషుల్ని అలాగే సముద్రంలో పడేసి తర్వాత సరుకు పోయిందని ఇన్సూరెన్స్ అడిగారు. అలాంటి బొమ్మ గురించి 1843లో జాన్ రస్కిన్ పేజీ నిండా రాశాడు, అలల గురించి, సూర్యాస్తమయం రంగుల గురించి, అంత అందమైన సముద్రాన్ని ఎవరూ వేయలేదని, ఇక ఇది బానిసల ఓడ అన్న ముక్క మాత్రం కింద ఫుట్‌నోట్‌లో పెట్టాడు. ఫుట్‌నోట్‌లో! రస్కిన్ చిన్న మనిషేం కాదు, ఆ రోజుల్లో ఇంగ్లీషు వాళ్ళకి బొమ్మలు చూడ్డం నేర్పిన మనిషి. అంతటి కంటికి కూడా ముందు రంగు కనపడి తర్వాత మనిషి కనపడ్డాడు. ఇప్పుడు ఎవరైనా ఆ బొమ్మ గురించి మాట్లాడితే ఆ ఫుట్‌నోట్‌తోనే మొదలుపెడతారు. మరి బోస్టన్ వెళ్ళిన మా పిల్లలకి ఈ రెండూ తెలియాలా వద్దా? ఇవాళ్టి మాట ఒక్కటే చెప్తే, ఎప్పుడూ అందరూ దాన్ని ఇలాగే చూశారనుకుంటారు, ఆ ఫుట్‌నోట్ నుంచి పైకి రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో వాళ్ళకి తెలియకుండా పోతుంది.

ఇంకో సంగతి, అన్ని మార్పులూ ఒకే రకం కావు, మీ లేబుల్స్ ఆ తేడా చెప్పవు. లండన్ నేషనల్ గ్యాలరీలో యాన్ వాన్ ఐక్ అనే ఫ్లెమిష్ చిత్రకారుడు 1434లో వేసిన ఆర్నోల్ఫినీ దంపతుల బొమ్మ ఉంది. ఎత్తు మూడడుగులు కూడా ఉండదు, దాని ముందు ఎప్పుడు చూసినా గుంపే. నేను కాలేజీ రోజుల్లో లైబ్రరీలో ఒక పాత పుస్తకంలో చదివా, ఇది పెళ్ళి బొమ్మ అని, ఒకరకంగా పెళ్ళి సర్టిఫికెట్ అని. ఎర్విన్ పానోఫ్‌స్కీ అనే ఆర్ట్ హిస్టరీ పండితుడు 1934లో చెప్పిన మాట అది. పట్టపగలు షాండ్లియర్‌లో ఒక్క కొవ్వొత్తి వెలుగుతోంది, అది దేవుడు ఉన్నాడనటానికి గుర్తు, కుక్క విశ్వాసానికి గుర్తు, చెప్పులు విప్పింది పవిత్రమైన చోటు కాబట్టి, వెనక గోడ మీద 'యాన్ వాన్ ఐక్ ఇక్కడ ఉన్నాడు 1434' అని రాసింది సాక్షి సంతకం. ఎంత బాగా అతికిందో చూడండి! చేతిలో చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు కదా, మనకైతే పాణిగ్రహణం అని వెంటనే అనిపిస్తుంది, నేనూ అలాగే నమ్మేశా, ఇరవై ఏళ్ళు అందరికీ అదే చెప్పా.

తీరా 1997లో ఒక కాగితం బయటపడింది. ఆ బొమ్మలో ఉన్నాడనుకున్న జొవాన్నీ ది అర్రీగో ఆర్నోల్ఫినీకి, జొవాన్నా చెనామీకి పెళ్ళయింది 1447లో. అంటే బొమ్మ వేసిన పదమూడేళ్ళ తర్వాత, వాన్ ఐక్ 1441లోనే చచ్చిపోయాడు కదా, ఆయన పోయిన ఆరేళ్ళకి. అరవై ఏళ్ళు నిలబడ్డ కథ ఒక్క తేదీ దగ్గర కూలిపోయింది. తర్వాత 1998లో నేషనల్ గ్యాలరీ కేటలాగ్‌లో లార్న్ క్యాంప్‌బెల్, ఇతను అదే కుటుంబంలో ఇంకో జొవాన్నీ అయ్యుంటాడు, జొవాన్నీ ది నికొలావో అని రాశాడు, ఇన్‌ఫ్రారెడ్‌లో చూస్తే కుక్కకీ షాండ్లియర్‌కీ కింద స్కెచ్ లేదని కూడా తేలింది, అంటే పానోఫ్‌స్కీ అంత బరువు మోపిన వస్తువులు కొన్ని తర్వాత కలిపినవి. ఆ రెండో జొవాన్నీ భార్య కొస్తాంత్సా త్రెంటా 1433కల్లా చనిపోయింది. దాంతో 2003లో మార్గరెట్ కోస్టర్ అనే ఆర్ట్ హిస్టారియన్ ఇంకో మాటన్నారు, ఇది చనిపోయిన భార్యతో కలిపి వేయించుకున్న బొమ్మ అయ్యుండొచ్చని. కొవ్వొత్తి వెలుగుతున్నది భర్త వైపు, భార్య వైపు ఉన్నది కాలి అయిపోయి మైనం మాత్రం అంటుకుని ఉంది. గోడ అద్దం చుట్టూ ఉన్న పది బుల్లి బొమ్మల్లో కూడా క్రీస్తు బతికున్న సంఘటనలు ఆయన వైపు, చనిపోయిన తర్వాతవి ఆవిడ వైపు. కాదు, ఆవిడ రెండో భార్య అయ్యుండొచ్చని మరికొందరు అంటున్నారు, ఆ వాదం ఇంకా నడుస్తూనే ఉంది.

ఇది చదివాక మళ్ళీ లండన్ వెళ్ళినప్పుడు ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డా. పక్కన ఎవరో ఆవిడ కడుపుతో ఉంది అంటున్నారు, అందరూ అదే అంటారు, నిజానికి ఆవిడ నిండు గౌను కుచ్చిళ్ళన్నీ చేత్తో ఎత్తి పట్టుకుంది అంతే, కన్యగానే ఉండిపోయిన సెయింట్ కేథరీన్‌ని కూడా వాన్ ఐక్ అలాంటి పొట్టతోనే వేశాడు, అప్పటి అందం అది. నేను మాత్రం కొవ్వొత్తి వైపే చూస్తున్నా. అదే కొవ్వొత్తి, నాకు ఇరవై ఏళ్ళు పెళ్ళి దీపంలా కనపడింది, ఆ రోజు గుండె పట్టేసింది. రంగు చుక్క కూడా మారలేదు దాంట్లో.

ఇక్కడ మారింది కాగితం వల్ల. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్న డచ్ చిత్రకారుడు వెర్మీర్ బొమ్మ ఇంకో రకం, కిటికీ దగ్గర ఉత్తరం చదువుకుంటున్న అమ్మాయి. 1742లో కొన్నప్పుడు రెంబ్రాంట్ వేశాడనుకున్నారు. అమ్మాయి వెనక ఖాళీ గోడ ఉండేది, ఆ ఖాళీ గురించి, ఆ నిశ్శబ్దం గురించి ఎన్ని మంచి మాటలు రాశారో లెక్కలేదు. 1979లో ఎక్స్‌రే తీస్తే గోడ మీద పెద్ద మన్మథుడి బొమ్మ కనపడింది, వెర్మీరే మనసు మార్చుకుని కప్పేశాడనుకున్నారు. 2017లో క్లీనింగ్ మొదలెట్టాక చూస్తే, మన్మథుడికీ పైన పూతకీ మధ్య పాత వార్నిష్, దుమ్ము ఉన్నాయి, అంటే కప్పింది వెర్మీర్ కాదు, ఆయన పోయాక ఇంకెవరో. పూత తీసేసి 2021లో మన్మథుణ్ణి చూపించారు, ఇప్పుడది ప్రేమలేఖ. ఇక్కడ నిజంగా బొమ్మే మారింది. ఆ ఖాళీ గోడ మీద పుస్తకాలు రాసిన వాళ్ళని తలుచుకుంటే నాకు జాలేస్తుంది, వాళ్ళు ఉన్నదాన్నే చూశారు పాపం, అబద్ధం ఏం చెప్పలేదు. రెంబ్రాంట్ 'నైట్ వాచ్' కూడా అంతే, 1642లో పట్టపగటి వెలుగులో వేసిన బొమ్మ, వార్నిష్ నల్లబడి రాత్రి అనే పేరొచ్చింది, క్లీన్ చేశాక కూడా పేరు పోలేదు.

మూడో రకంలో కాగితం దొరకదు, క్లీనింగ్ జరగదు, మనమే మారతాం. గ్రాంట్ వుడ్ వేసిన 'అమెరికన్ గోథిక్', పల్లెటూరి ఇంటి ముందు గడ్డి ఎత్తే పంగలకర్ర పట్టుకున్న మనిషి, పక్కన ఒక ఆవిడ, 1930లో షికాగోలో పెట్టినప్పుడు మమ్మల్ని వెక్కిరించాడని అయోవా రైతులు కోప్పడ్డారు, 1930ల ఆర్థిక మాంద్యం ముదిరేసరికి అదే జంట కష్టానికి తలవంచని అమెరికా అయిపోయింది, 1942లో గోర్డన్ పార్క్స్ అనే నల్లజాతి ఫోటోగ్రాఫర్ వాషింగ్టన్‌లో ఎల్లా వాట్సన్ అనే నల్లజాతి క్లీనింగ్ మనిషిని చీపురు, మాప్‌లతో జెండా ముందు అదే పోజులో నిలబెట్టి ఫోటో తీశాక అదే బొమ్మ ఎవరి అమెరికా అని అడగడం మొదలెట్టింది. ఫ్రెంచ్ చిత్రకారుడు మానే వేసిన 'ఒలింపియా' 1865లో సలోన్‌లో, అంటే పారిస్‌లో జరిగే పెద్ద చిత్రప్రదర్శనలో, పెట్టినప్పుడు గొడవైంది మంచం మీద బట్టల్లేకుండా ఉన్న ఆవిడ గురించి, పూలగుత్తి తెచ్చిన నల్లమ్మాయి గురించి పెద్దగా ఎవరూ ఆలోచించలేదు. ఆ అమ్మాయి పేరు లోర్ అని, ఇల్లెక్కడో కూడా మానే నోట్‌బుక్‌లోనే ఉంది, ఎవరూ వెతకలేదంతే. డెనీస్ మరెల్ అనే ఆర్ట్ హిస్టారియన్ పనితో ఆ పేరు ముందుకొచ్చింది, 2019లో పారిస్ ఓర్సే మ్యూజియం వాళ్ళు ఎగ్జిబిషన్ ఉన్నన్నాళ్ళూ బొమ్మ పేరే 'లోర్' అని మార్చారు. ఆ పని చేసినవాళ్ళకి నేను చేతులెత్తి దండం పెడతాను.

నేను అడిగేది ఇంతే. లేబుల్ కింద ఒక మూల, ఇది ఏ సంవత్సరం రాసిందో వేయండి. దాని పక్కన ఒక్క లైన్, ఇంతకుముందు ఏమనుకునేవాళ్ళం. ఆ పైన ఎందుకు మారింది, కొత్త కాగితం దొరికిందా, బొమ్మ క్లీన్ చేశారా, లేక మన చూపు మారిందా. మూడోది అయితే అదే రాయండి, సిగ్గేం లేదు, చూపు మారడం కూడా ఒక పనే, దానికీ మనుషులు కష్టపడ్డారు.

లేబుల్‌లో చోటు ఉండదని, జనం దాని ముందు పట్టుమని అర నిమిషం కూడా నిలబడరని మీరంటారు. నాకు తెలుసు, నేనూ అలాగే దాటిపోయినవి బోలెడున్నాయి. తేదీకి ఎంత చోటు కావాలండీ, నాలుగు అంకెలు. మిగతాది క్యూఆర్ కోడ్‌లో పెట్టండి, పాత లేబుల్స్ అన్నీ స్కాన్ చేసి వరసగా పెట్టండి, చదివేవాళ్ళు చదువుతారు. ఇంకో భయం కూడా మీకు ఉంటుంది, ఇవాళ ఒకటి రేపొకటి అని చూపిస్తే జనం మమ్మల్ని నమ్మరని. నాకైతే ఉల్టా అనిపిస్తుంది. మా ఊళ్ళో ఒక పెద్ద డాక్టరుగారు ఉండేవారు, పదేళ్ళ కిందట నేను మీ నాన్నకి ఈ మందు రాశాను, ఇప్పుడు అది వద్దంటున్నారు, మార్చేద్దాం అని మొహం మీదే చెప్పేవారు, ఊరంతా ఆయన దగ్గరికే వెళ్ళేది. కొత్త లేబుల్స్ మీద ఇప్పుడు రెండు వైపుల నుంచీ అరుపులు వినిపిస్తున్నాయి, చరిత్రని చెరిపేస్తున్నారని ఒకళ్ళు, ఇన్నాళ్ళూ దాచారని ఇంకొకళ్ళు. 2022లో నేషనల్ గ్యాలరీ వాళ్ళు ఫ్రెంచ్ చిత్రకారుడు డెగా బొమ్మ పేరు రష్యన్ డాన్సర్ల నుంచి ఉక్రేనియన్ డాన్సర్లకి మార్చినప్పుడు కూడా పెద్ద చర్చే నడిచింది. పాత మాట పక్కనే తేదీతో కనపడితే చెరిపేశారనే మాటకి చోటెక్కడిది, దాచారనే మాటకి మాత్రం చోటెక్కడిది.

మా అమ్మ లాంటి వాళ్ళని కూడా ఒకసారి అడగండి. ఆవిడ చూసింది కొత్త విషయం కాదు, మీ చరిత్రకారులు ఎప్పుడో రాసేశారు, కానీ ఆవిడ ఏ పుస్తకమూ చదవకుండా చూసింది, ఎందుకంటే ఆవిడ చేతులు చెరుకు ఆకు కోసుకున్న చేతులు. అలా చూసేవాళ్ళు మీ హాళ్ళలో రోజూ తిరుగుతుంటారు, గార్డులుగా, క్లీనింగ్ వాళ్ళుగా, వీల్‌చైర్‌లో వచ్చే అమ్మమ్మలుగా. వాళ్ళు ఏమన్నారో రాసుకునే ఒక పుస్తకం ఉన్నా చాలు, తర్వాతి లేబుల్ రాసేటప్పుడు పనికొస్తుంది.

నా ఫోన్లో పన్నెండేళ్ళుగా తీసిన లేబుల్ ఫోటోలు నాలుగు వందల పైనే ఉన్నాయి, ప్రతిదాని మీదా తీసిన రోజు ఉంది. కొన్ని ఇప్పుడు మీ గోడల మీద లేవు, మీ దగ్గర కాపీ కూడా ఉందో లేదో. కావాలంటే అన్నీ సర్ది పంపిస్తాను, డబ్బులేం వద్దు, ఏ అడ్రస్‌కి పంపాలో చెప్పండి చాలు.

ఇట్లు,
మీ హాళ్ళలో తిరిగే ఒక అనకాపల్లి అమ్మాయి
న్యూజెర్సీ